పెద్దాయన ఫోటో వెనక

ఆ రోజుల్లో నాకు కోపం ముక్కు మీద ఉండేది. (ఇప్పుడెక్కడికి పోయిందని మా ఆవిడ అడుగుతుంది.) మాన్వి తాలూకా ఆఫీసులో గుమాస్తాగా చేరి ఆర్నెల్లయింది. పేరు రాయని ఫైలు కనబడితే చాలు, ఒళ్ళు మండేది. అలాంటివాణ్ణి ఒక ఆదివారం రాయచూరు ఇంటికి వచ్చి అవ్వ ట్రంకుపెట్టె తెరిస్తే, మా వంశమంతా ఫోటోల్లో పేర్లు లేకుండా పడి ఉంది. రేపు పుట్టబోయే పిల్లలకు వీళ్ళెవరో ఎవరు చెబుతారు? అవ్వను ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఒక్కొక్క ఫోటో వెనకా పేరు రాయడం మొదలుపెట్టాను.

సాయంత్రానికి ఒక్క ఫోటో మిగిలింది. రుమాలు చుట్టుకుని కుర్చీలో బిగుసుకు కూర్చున్న పాతికేళ్ళ మనిషి. మా తాతకు అన్న. పిల్లాజెల్లా లేకుండా, మా నాన్న పుట్టకముందే పోయాడు. తాత కూడా తొందరగానే పోవడంతో, ఇంట్లో అందరూ 'పెద్దాయన' అనడమే తప్ప, అసలు పేరు తెలిసిన మనిషి అవ్వ ఒక్కతే. ఆమె చెప్పదు. మొగుడి పేరు, బావ పేరు ఆడది నోటితో అనకూడదట. చదువు రాదు కనుక రాసివ్వనూ లేదు.

“ఏంది గిట్ల సతాయిస్తవు? బావ పేరు నోట్లకెల్లి ఎట్ల తీస్తరా? జర సిగ్గు శరం ఉండాల.”

“ఆయన పోయి అరవై ఏండ్లాయె, ఇంక ఎవరు కోప్పడ్తరే అవ్వా?”

“పోతే బావ కాకుండ పోతడా?”

నేను అరిచాను. ఫోటోలు పెట్టెలోకి విసిరికొట్టాను. నువ్వు పోతే ఆ పేరు కూడా నీతోనే పోతుంది, నీకేం పట్టదు అని అనకూడని మాట కూడా అన్నాను. అవ్వ కళ్ళు తుడుచుకుని గోడవైపు తిరిగింది. “శనివారం దేవుని పేరు. రాస్కో. మళ్ల అడగకు” అంది.

శనివారం దేవుడంటే ఇంకెవరు? 'వెంకటేశ' అని లావుగా రాసేశాను.

రెండేళ్ళకు మా అన్నకు కొడుకు పుట్టాడు. పెద్దాయన పేరే పెట్టాలన్నారు. పేరు ఎక్కడుందంటే, అవ్వను మళ్ళీ అడిగే పని లేకుండా నా రాత ఉందిగా! అప్పటి నా గర్వం చూడాల్సింది. తొట్లెలో వేసే రోజు మా అక్క, మేనత్త హోదాలో వంగి, పిల్లవాడి చెవిలో మూడుసార్లు చెప్పి, ఆపైన అందరికీ వినబడేలా “వెంకటేశ” అంది. మా వైపు వాడుక ప్రకారం ఆడవాళ్ళు నవ్వుతూ ఆమె వీపు మీద గుద్దుతున్నారు.

“వెంకటేశ ఎవడు?” అంటూ మూలనుంచి అవ్వ లేచింది.

“పెద్దాయన పేరే కదనే” అన్నాను.

“నీ తెలివికి అగ్గి వెట్ట! శనివారం మనం ఏ గుడికి పోతమురా? హనుమంతప్ప! మా బావ హనుమంతప్ప!”

అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇన్నేళ్ళు కాపాడుకున్న మర్యాద నా తొందర వల్ల నలుగురిలో పోయిందని ఆమెకు ఎంత కోపం వచ్చిందో! అక్కకు పడాల్సిన గుద్దుల్లో గట్టిదొకటి నా వీపు మీద పడింది. తర్వాత అవ్వ తానే తొట్లె మీదికి వంగి, పిల్లవాడి చెవిలో ఆ పేరు మెల్లగా మళ్ళీ చెప్పింది. అదే ఆఖరు. బతికున్నన్నాళ్ళూ వాణ్ణి “ఓ పెద్దాయనా, అన్నం తిందువు రా” అనే పిలిచింది.

ఇప్పుడు అవ్వ లేదు. మా హనుమంతప్పకు పన్నెండేళ్ళు. మొన్న ఆ ఫోటో తిప్పి చూసి, “చిన్నాయనా, నా పేరుకు పైన కొట్టేసి ఉన్న ఈ వెంకటేశ ఎవరు?” అని అడిగాడు.

“ఎవడో గుమాస్తా రాసిండురా. వట్టి తిక్కలోడు” అన్నాను.

ఆ తిక్కవాడు ఆ రోజు అంత యాగీ చేయకపోతే ఈ పేరు ఎవరికీ దక్కేది కాదని లోలోపల నవ్వుకున్నాను. అవ్వను ఏడిపించినందుకు మాత్రం వాడి మీద కోపం ఇంకా తగ్గలేదు.