గుర్రం వెంట్రుక, అత్తరు

మా ఆయన ఆళ్లగడ్డలో శిల్పి. బాసింపట్టు వేసుకుని రాతి ముందు కూర్చున్నాడంటే పొద్దు గూకేదాకా ఉలి ఆగేది కాదు. అలాంటి మనిషి 1970ల చివర్లో ఒక ఏడాది నిలబడి చెక్కడం మొదలుపెట్టాడు. పడక మిద్దె మీదికి మార్చాడు. అన్నిటికంటే నా కడుపు మండించింది అత్తరు. పెళ్లినాడు కూడా పూసుకోని మనిషి, ఒంటి మీది రాతిపొడి కడుక్కోకముందే అత్తరు పూసుకునేవాడు.

అంతకుముందు చాగలమర్రిలో విగ్రహం నిలబెట్టడానికి పోయి చాలా రోజులు ఉండి వచ్చాడు. ఇంకేముంది, అక్కడ ఎవతో ఉందని ఖాయం చేసుకున్నాను. దానికి మనసులోనే చీర కట్టాను, ముక్కుపుడక పెట్టాను, నాకంటే తెల్లగా చేశాను. వడ్డించేటప్పుడు గిన్నె నేలకేసి కొట్టేదాన్ని. ఎందుకని ఆయన అడిగేవాడు కాదు. అడగకపోవడమే నాకు సాక్ష్యం.

గడ్డం పెరగకపోయినా మంగలి అంగడికి పోతున్నాడు. గుట్టంతా అక్కడే ఉందని ఒకనాడు పోయి మంగలిని నిలదీశాను.

"ఎవతప్పా అది? చెప్తావా, ఈడనే కూచోనా?"

మంగలి కత్తి పక్కన పెట్టాడు. "ఎవతీ లేదక్కా. ఆయప్పకు చెప్పుకోలేని చోట పులిపిర్లు లేసినాయి. రాలిపోతాయని నేనే జట్కా గుర్రం తోక ఎంటికలు కడతాండా. కట్టేకొద్దీ పెద్ద గడ్డయ్యి కూచుండె. వాసనొస్తాదని అత్తరు గూడా నేనే ఇచ్చినా."

పులిపిరికి గుర్రం వెంట్రుక కట్టడం మా వైపు అందరూ చేసేదే. అయినా నాకు జాలి కాదు, కుళ్లు పుట్టింది. కట్టుకున్నదానికి చూపనిది మంగలికి చూపాడా!

మరునాడే నంద్యాల బస్సెక్కించాను. ఆసుపత్రిలో డాక్టరు చూసి, పులిపిర్లు తెచ్చే వైరస్ వల్లే ఇది వస్తుందని, ఇంత పెద్దది కావడం మాత్రం చాలా అరుదని చెప్పాడు. కొంచెం మిగిలినా మళ్లీ పెరుగుతుందట. చుట్టూ ఉన్న మంచి చర్మంతో సహా కోయాలన్నాడు. అంగం దక్కుతుందో లేదో కోశాకే తెలుస్తుందన్నాడు. ఆపరేషన్ చేశారు. గడ్డ మొత్తం వచ్చింది, అంగం దక్కింది. తొడ మీది చర్మం తీసి అతికారు. పరీక్షలో క్యాన్సర్ లేదని తేలింది.

రోజూ కట్టు మార్చేటప్పుడు నర్సు నన్ను తెర బయటికి పొమ్మనేది. మొన్న మంగలి, ఇప్పుడు ఈమె. పళ్లు కొరుక్కుంటూ నిలబడేదాన్ని.

ఒకరోజు ఆడవాళ్లను చూసే డాక్టరమ్మ, ఇది మొగుడూపెళ్లాల మధ్య అంటుకునేదని, భార్యను కూడా చూడాలంది. చూస్తే నాకూ ఒక పులిపిరి ఉంది, ఆవగింజంత. మందు పూసి కాల్చేసింది. "ఇది ఏళ్లకేళ్లు బయటపడకుండా ఉంటుందమ్మా. ఎవరి నుంచి ఎవరికొచ్చిందో చెప్పలేం" అంది.

ఆ సంగతి ఆయనకు చెప్పాను. మంచం మీద కదల్లేని మనిషి మోచేతి మీద లేచాడు.

"నీకు యాడిదే అది?"

నేను చాగలమర్రి ఆమెకు చీర కట్టినట్టే, ఆయన అప్పుడే ఎవడికో పంచె కడుతున్నాడు. ఆ చూపు చూస్తే తెలుస్తూనే ఉంది. నాకు ఆయన తప్ప ఎవరూ లేరని ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. చెప్పలేదు. క్యారియర్ విప్పి అన్నం వడ్డించాను. గిన్నె మాత్రం ఆ రోజు మెల్లగా కింద పెట్టాను.