అబద్ధం పాపమని గెలిచిన గ్లాసు

ఇంతవరకూ నడిపించిన దేవునికి స్తోత్రం. నాకు నోరిచ్చినందుకు ఒక స్తోత్రం, ఆ నోరు ఎప్పుడు మూసుకోవాలో తెలిసిన అమ్మనిచ్చినందుకు రెండు స్తోత్రాలు.

ఆ రోజుల్లో మా జగిత్యాల, కోరుట్ల వైపు నలుగురు ఒకచోట కూర్చుంటే, వీళ్లెందుకు కూర్చున్నారని ఐదో మనిషి ఆరా తీసేవాడు. అడవిలో అన్నలు, రోడ్డు మీద పోలీసులు, మధ్యలో మేము. కోరుట్లలో సంఘ కాపరి అయిన మా నాన్న ఉపవాస ప్రార్థన పెట్టాలన్నా ముందు స్టేషన్లో చెప్పి వచ్చేవాడు. (ఎవరికోసం ప్రార్థిస్తారని అడిగితే "అందరి కోసం సార్, మీ కోసం సుత" అన్నాడట.) అయినా మాకు నవ్వులకేం తక్కువ లేదు. వయసు అలాంటిది. నేను రోజూ బస్సులో జగిత్యాల కాలేజీకి పోయేదాన్ని. బైబిల్ వాక్యం కంఠతా వచ్చు, సంఘంలో సాక్ష్యం చెప్పడం చిన్నప్పటి నుంచీ అలవాటు. అందుకని లోకంలో నాకు తెలియనిదేదీ లేదని నా నమ్మకం.

ఆ ఏడు ఇంగ్లిష్ నాన్‌డిటెయిల్డ్‌గా ఒక పాత అమెరికా నవల వచ్చింది. ఒక తెల్ల పిల్లవాడు, పారిపోయిన ఒక నల్ల బానిస, ఇద్దరూ తెప్ప మీద పెద్ద నదిలో పోతుంటారు. బానిసను వెతికేవాళ్లు ఎదురైతే పిల్లవాడు అబద్ధమాడి కాపాడతాడు. మా ఇంగ్లిష్ సార్ ఏం చెప్పినా "అయితే ఏంది?" అనేవాడు కాబట్టి ఆయన పేరు 'అయితే సార్'. ఒకరోజు నన్ను లేచి చదవమన్నాడు. నల్లవాళ్లను తిట్టే ఒక మాట ఆ పుస్తకంలో పేజీకి నాలుగుసార్లుంది. అక్కడికొచ్చి ఆగిపోయాను. మా నాన్న సంఘానికి ఎంత అయ్యగారైనా, కొందరి నోట్లో మేమింకా పాత వాడ పేరుతోనే ఉండేవాళ్లం. అది కూడా వెనక నుంచి పిలిచే పేరు.

"చదువు బిడ్డా."

"ఆ మాట చదువ సార్."

సార్ కళ్లజోడు తీసి తుడుచుకుని, "అయితే ఏంది? చదువకు. గని ఎందుకు చదువవో, ఆ పిల్లగాడు చేసింది పాపమో పుణ్యమో, శుక్రవారం అందరి ముందట చెప్పు" అన్నాడు. అలా పుట్టింది మా డిబేట్.

అయ్యగారి బిడ్డను కాబట్టి, అబద్ధం పాపమే అనే పక్షం నాకిచ్చారు. ఎదుటి పక్షానికి సిరిసిల్ల నుంచి వచ్చి హాస్టల్లో ఉండే మగ్గాలవాళ్ల అబ్బాయి. సన్నగా, ఎప్పుడూ తిరుగుతూ ఉండేవాడని అందరూ వాణ్ణి 'కండె' అనేవారు. (మగ్గంలో నూలు చుట్టే పుల్లను కండె అంటారు. వాడికీ దానికీ బరువులో పెద్ద తేడా లేదు.)

నేను ఆదివారం ప్రసంగంలా మొదలుపెట్టాను. ఆ మాట ఎందుకు చదవలేదో ముందు చెప్పాను. తర్వాత, దాసుడు విడుదల కావలసిందే, కానీ అబద్ధంతో మాత్రం కాకూడదన్నాను. వెనక నుంచి ఎవడో "మరి నది ఎట్ల దాటాలె అక్కా, హెలికాప్టర్లనా?" అన్నాడు. ఇంకొకడు "హల్లెలూయా" అన్నాడు. నేను లెక్కచేయలేదు. "ప్రాణం పోయినా సరే!" అని బల్ల గుద్దాను. (పోయేది నా ప్రాణం కాదన్న సంగతి అప్పుడు తట్టలేదు.)

కండె లేచాడు. సన్నటి మనిషికి అంత గొంతు ఎక్కణ్ణుంచి వచ్చిందో! "పారిపోయినోన్ని దాచుడే ధర్మం! నది దాటిచ్చుడే పుణ్యం! పట్టియ్యబోయినోడే పాపాత్ముడు!" అని అరిచాడు. చప్పట్లకు రేకులు అదిరాయి. మొదటి బహుమతి మాత్రం ప్రిన్సిపాల్ గారు నాకే ఇచ్చారు. పేరు చెక్కిన స్టీలు గ్లాసు. ఆయనకు కిటికీ అవతల చాయ్ తాగుతూ నిలబడ్డ కానిస్టేబుల్ కనిపించాడేమో మరి.

మర్నాడు పొద్దెక్కాక కండె రొప్పుతూ మా ఇంట్లోకొచ్చి పడ్డాడు. నాన్న వెల్గటూర్‌లో ప్రార్థన కూటాలకు పోయాడు. అమ్మ మిద్దె మీద మక్కలు (మొక్కజొన్నలు) ఎండబోస్తోంది.

"హాస్టల్‌కు పోలీసులచ్చిండ్రు. నది దాటిచ్చిన నల్లోడు ఎవడని అడుగుతున్నరట. ఎనుకనుంచి ఉరికి బస్సెక్కి అచ్చిన."

"మా ఇంటికెందుకు అచ్చినవ్?"

"నువ్వు నాకు ఎదురు మాట్లాడినవ్ గదా. మీ ఇంట్ల నన్నెవలు దేవులాడుతరు?"

వాడి తర్కానికి నవ్వొచ్చేదే, వాడు మాటిమాటికీ తలుపు వైపు చూడకపోతే. ఆ రోజుల్లో పోలీసు జీపెక్కిన పిల్లల్లో కొందరు తిరిగి రాలేదు. అమ్మ కిందికి దిగి, సంగతి విని, ఒక్క ప్రశ్నా వేయలేదు. నా బహుమతి గ్లాసుతోనే నీళ్లిచ్చింది. "మీదికి పో బిడ్డా, మక్కచొప్ప కింద పండుకో. తుమ్మకు" అంది.

అరగంట కాకముందే జీపు ఆగింది. ఎస్సై వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

"ఎవడమ్మా ఆ నల్లోడు? ఏడ దాటిండు? గోదావరేనా?"

"గాడు అమెరికాలోడు సార్. నూరేండ్ల కిందటోడు."

"అమెరికా మనిషికి గీడ ఏం పని?"

"నాన్‌డిటెయిల్డ్ సార్."

"డిటెయిల్డ్‌గనే చెప్పు!"

చెప్పాను. తెప్ప, నది, డిబేట్. నమ్మాడో లేదో తెలియదు. బల్ల మీద ఉన్న గ్లాసు చేతికి తీసుకుని, దాని మీది అక్షరాలు చదివాడు.

"ఫస్ట్ ప్రైజా? ఏమని మాట్లాడినవ్?"

"అబద్ధం... ఆడద్దని సార్."

"శాబాష్. అయితె నువ్వే చెప్పు. కోరుట్ల బస్టాండుల దిగినోడు మీ ఇంటికి అచ్చిండా?"

ప్రియ చదువరీ, ఇక్కడొక్క క్షణం ఆగి నా కోసం ప్రార్థించండి. ఆలస్యమైనా ఫరవాలేదు, దేవునికి కాలం అడ్డం కాదు. నా నోరు తెరుచుకుంది. అందులోంచి ఏం వస్తుందో నాకే తెలియదు. నిన్న బల్ల గుద్దిన చెయ్యి చున్నీలో దాక్కుంది. అప్పుడే మిద్దె మీద చొప్ప సన్నగా గరగరమంది.

కొంగుతో చేతులు తుడుచుకుంటూ అమ్మ ముందుకొచ్చింది. "అచ్చిండు సార్. ఎవలో ఏమో నాకెరుక లేదు. నీళ్లు తాగి పోయిండు. ఎటు పోయిండో తెల్వది గని, జల్ది ఎంట పడితె మీకు దొరుకుతడు."

జీపు మెట్‌పల్లి వైపు దుమ్ము లేపుకుంటూ పోయింది. అమ్మ చెప్పిన మాటలు నాకు తెలుసు! బైబిల్లో, యెరికో పట్టణంలో, మిద్దె మీద జనుపకట్టెల్లో ఇద్దరు మనుషులను దాచిన ఒక స్త్రీ రాజభటులకు చెప్పిన మాటలే అవి. సండే స్కూల్లో నేనే పిల్లలకు నేర్పేదాన్ని. డిబేట్ రోజు ఒక్కసారీ గుర్తుకు రాలేదు.

"అమ్మా, అబద్ధమాడినవ్!"

"అబద్ధమేంది? వాక్యం చెప్పిన" అని అమ్మ మక్కలు తిరగేయడానికి పైకి పోయింది.

కండె తలనిండా చొప్ప నలుసులతో దిగి, "నిన్న అమ్మగారినే స్టేజి ఎక్కిస్తే అయిపోతుండె. నీకు గ్లాసు రాకపోతుండె" అన్నాడు. గ్లాసు పక్కకు జరిపి, వాడికి అన్నం పెట్టాను.

సాయంత్రం నాన్న, అయితే సార్ కలిసి ఆ నవలను చేతబట్టుకుని స్టేషన్‌కు పోయారు. ఎస్సై బొమ్మలు చూశాడట, కథంతా చెప్పించుకున్నాడట. అంతా విని, "ఆఖరికి ఆ నల్లోడు దొరికిండా?" అని అడిగాడట. "లేదు సార్, విడుదలైండు" అని సార్ చెప్తే, పుస్తకం మూసి, "మంచిగైంది" అన్నాడట. పుస్తకం మాత్రం తిరిగివ్వలేదు. కండె సోమవారం కాలేజీకొచ్చాడు.

ఇప్పుడు వాడికి సిరిసిల్లలో మరమగ్గాలున్నాయి, నెత్తి మీద జుట్టు లేదు. ఫోన్ చేస్తే "ఏం అక్కా, హెలికాప్టర్ కొన్నవా?" అంటాడు. అమ్మ ప్రభువు దగ్గరికి పోయింది. ఆ గ్లాసు నా దగ్గరే ఉంది. అక్షరాలు అరిగిపోయాయి గానీ, ఎవరైనా దాహంతో ఇంటికొస్తే అందులోనే నీళ్లిస్తాను. బల్ల గుద్దిన ఆ పిల్ల ఒక్కోసారి గుర్తొస్తుంది. ఎంత ధీమా దానికి! నవ్వొస్తుంది, కొంచెం ముద్దు కూడా వస్తుంది. మళ్లీ ఆ డిబేట్ పెడితే కండె పక్షాన మాట్లాడతాను. గ్లాసు మాత్రం వెనక్కివ్వను.

ఇంతదాకా చదివారు కదా, నాతోపాటు తల వంచండి. తండ్రీ, ఆ రోజుల్లో ఏ మిద్దే దొరకని పిల్లలను జ్ఞాపకం చేసుకో. తలుపు తట్టిన వాళ్ల కోసం మా ఇళ్ల మీద కొంచెం చొప్ప ఎప్పుడూ ఉంచు. ఆమేన్.