డాక్టరుగారి మీద నేను వేసిన తప్పు

పోయిన శనివారం పొద్దున మేడ మీద బట్టలు ఆరేస్తుంటే మా గైడు ఫోన్ చేశారు. "డాక్టరుగారు పోయారమ్మా. తెల్లవారేసరికి నిద్రలోనే..." అని ఆగిపోయారు. ఏడుపు ఆపుకుంటున్నారని తెలుస్తూనే ఉంది. ఇన్నేళ్ళుగా ఆయన పరిశోధన ల్యాబులో పనిచేస్తున్నాను, మా గైడు గొంతు అలా వణకడం ఎప్పుడూ వినలేదు. చేతిలో తడి చీర పట్టుకుని నేను మొదట ఏమనుకున్నానో దాచకుండా చెబుతాను. నేను పోతే ఈయన ఇలా ఏడుస్తారా?

ఛీ, ఇదేం బుద్ధి అనుకుంటారు మీరు. అనుకోండి. పోయినవారిని తలుచుకునేటప్పుడు అందరూ ప్రేమతో మొదలుపెడతారు. నేను కుళ్ళుతో మొదలుపెడుతున్నాను. డాక్టరుగారి విషయంలో నాకు మొదటి రోజు నుంచీ ఉన్నది అదే.

డాక్టరుగారంటే పశువుల డాక్టరు. ప్రభుత్వ పశువుల ఆస్పత్రిలో రిటైరయ్యాక మా ల్యాబుకు సాయంగా వచ్చారు. పుదుచ్చేరిలో సారం అనే పేటలో మేముండే వీధికి రెండు వీధుల అవతల వాళ్ళ ఇల్లు. ఎన్ని తరాల కిందటో ఈ ఊరు వచ్చి స్థిరపడిన తెలుగువాళ్ళు. ఇంట్లో మాట్లాడేది తెలుగే కానీ అక్షరం ముక్క చదవలేరు, ఎందుకంటే బడి చదువు తమిళం, కాలేజీ చదువు ఇంగ్లీషు. నేను యానాం నుంచి వచ్చినదాన్ని. "మీ ఊరోళ్ళు మాట్లాడితే రేడియోలో వార్తలు సదివినట్టుంటాది పాపా" అని నన్ను ఆటపట్టించేవారు. నేను పత్రికలకు తెలుగులో ఏవో రాస్తానని తెలిసి, "నాకు సదవను రాదు గదా, ఒకనాడు కూర్చోబెట్టి సదివి సెప్పు" అని ఎన్నిసార్లు అడిగారో. తీరిక లేదండీ అనేదాన్ని. తీరిక ఉండేది.

మా పనేమిటో చెప్పకపోతే నా కుళ్ళు మీకు అర్థం కాదు. ఒక జంతువు డీఎన్‌ఏ మొత్తాన్నీ కలిపి జీనోమ్ అంటాం. దాన్ని ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక్క బిగిన చదివే యంత్రం లేదు. ఉన్న యంత్రం ముక్కలు ముక్కలుగా చదివి ఇస్తుంది. ఆ లక్షల ముక్కల్ని కంప్యూటరులో సరైన వరుసలో అతికించి నిలబెట్టేదాన్ని నేను. ముక్క ఎంత పొడుగుంటే అతుకు అంత గట్టిగా ఉంటుంది. ముక్కలు పొడుగ్గా రావాలంటే రక్తం నెమ్మదిగా తీయాలి, కుదపకూడదు, వెంటనే ఐసులో పెట్టాలి. అది డాక్టరుగారి పని. ఈ చుట్టుపక్కల పల్లెల్లో పెరిగే నాటు మేక జీనోమును ఎక్కడా వంక పెట్టడానికి వీల్లేకుండా కట్టాలని మా గైడు పట్టుబట్టారు.

రక్తం తీయడం ఎంత సేపు, నేనూ తీస్తానని మొదటిసారి డాక్టరుగారి వెంట పక్కనున్న విల్లియనూరు వెళ్ళాను. అక్కడ మేకలు పెంచే ఒక పెద్దమ్మ మమ్మల్ని తన దొడ్డిలోకి రానిచ్చింది. సూది పట్టుకుని నేను దగ్గరికి వెళ్ళగానే మేక నా మోకాలి మీద ఒక్కటిచ్చుకుంది. రక్తం పట్టే గొట్టం కిందపడింది, నేనూ పడ్డాను. పెద్దమ్మ పైట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. డాక్టరుగారు నవ్వలేదు. జేబులోంచి అవిసె రెమ్మ తీసి మేక ముందు గొంతుక్కూర్చుని, "నేనే, వచ్చినా" అన్నారు దానితో. బంధువుల ఇంటి గుమ్మంలో నిలబడి పిలిచినట్టు. అది ఆకు నములుతూ ఉంది, ఆయన మెడ దగ్గర నరం చూసుకున్నారు, అయిపోయింది. "మేక యాడికీ పోదు పాపా. మనం తరిమితేనే పోతాది" అన్నారు నా చీర దుమ్ము చూస్తూ.

ఆ ఒక్క మాట ల్యాబంతా పాకింది. ఏ పని చెడినా రీసెర్చి పిల్లలు "తరిమావా?" అని ఒకర్నొకరు అడగడం మొదలుపెట్టారు. నేను రాత్రింబగళ్ళు కూర్చుని రాసిన ప్రోగ్రాముల గురించి ఎవరూ ఒక్క మాట గుర్తుపెట్టుకోలేదు.

ఆయనకు కొన్ని అలవాట్లుండేవి. నమూనా అనరు, మేక పేరే అంటారు. నల్లోడు, సుక్క, పెద్దకొమ్ములది. కళ్ళజోడుకు కట్టిన నల్లదారం చెమటకు తడిసి మెడకు అంటుకుని ఉండేది. బేకరీలో రొట్టె కొంటే చివరి ముక్క తనకు, మిగతాదంతా మాకు. ల్యాబులో ఎవరికి జ్వరం వచ్చినా, ఎవరి పెళ్ళి చెడినా ముందు ఆయనకే తెలిసేది. నా పెళ్ళి సంగతి కూడా మా గైడు ఆయన ద్వారానే తెలుసుకున్నారు. నేను చెప్పాల్సిన వార్త!

ఒకసారి నా కంప్యూటరు వెనక నిలబడి తెర చూశారు. డీఎన్‌ఏలో ఏ ముక్క ఏ ముక్కకు దగ్గరో చూపించే బొమ్మ అది. సరిగ్గా అతికితే ఎర్రటి గళ్ళు ఏటవాలుగా ఒకదాని వెంట ఒకటి వస్తాయి. పది రోజులుగా దానితో కుస్తీ పడుతున్నాను. ఆయన రొట్టె నములుతూ, "ఇదేంది పాపా, ఈ గడి ఎరుపు ఆ మూలకు కారింది?" అన్నారు. ఏమీ లేదండీ అన్నాను. ఆయన వెళ్ళాక చూస్తే అక్కడే తప్పు అతుకు. ఒక ముక్క ఉండాల్సిన చోట కాకుండా వేరే క్రోమోజోముకు అంటుకుని ఉంది. సరిచేశాను. ఎలా దొరికిందమ్మా అని గైడు మెచ్చుకుంటే, చూస్తూ చూస్తూ ఉంటే దొరికింది సార్ అన్నాను. డాక్టరుగారి పేరు చెప్పడానికి నోరు రాలేదు.

ఇప్పుడు అసలు సంగతి. మేక పిల్లకు సగం డీఎన్‌ఏ తల్లిది, సగం తండ్రిది. రెండూ కలగాపులగమై ఉంటాయి. తల్లిదండ్రుల రక్తం కూడా చదివి దగ్గర పెట్టుకుంటే, పిల్లలోని ఏ ముక్క ఎవరి వైపు నుంచి వచ్చిందో విడదీయవచ్చు. అందుకని డాక్టరుగారు ఒక పిల్లది, దాని తల్లిది, తండ్రి అయిన నల్లోడిది రక్తం తెచ్చారు. ఆ మందలో ఇంకొన్ని మేకలవీ తెచ్చారు. గొట్టాల మీద పేర్లు రాసి ఇస్తే, నేను వాటికి నంబర్లు వేసి పట్టికలో ఎక్కించాను.

లెక్క కట్టి చూస్తే తల్లి సరిపోయింది, తండ్రి సరిపోలేదు. పిల్లలో తండ్రివి కావాల్సిన ముక్కలు చాలా వరకు నల్లోడికి సంబంధం లేనివి. అది చూడగానే నాకు కలిగింది దిగులు కాదు. సంతోషం. ఒట్టు, కుర్చీలోంచి లేచి కిటికీ దాకా నడిచి వచ్చాను. డాక్టరుగారు తప్పు చేశారు!

ఇంకోసారి సరిచూసుకుని, ఆయన్ను పక్కకు పిలిచి చెప్పాల్సింది. సోమవారం మీటింగు దాకా ఆగి అందరి ముందూ తెర మీద బొమ్మ వేసి, "తండ్రిదని తెచ్చిన రక్తం తండ్రిది కాదు. తీసే చోటే పొరపాటు జరిగింది" అన్నాను. నా గొంతులో హుషారు నాకే వినిపించింది.

మా గైడు ఆయన వైపు తిరిగారు. డాక్టరుగారు కళ్ళజోడు తుడుచుకుని తెర చూశారు, తర్వాత నన్ను చూశారు.

"నల్లోడి దగ్గరే తీసినానే..." అన్నారు మెల్లగా. అంతలోనే, "సరి. వయసైపోయింది గదా, చెయ్యి తప్పి ఉంటాది. మళ్ళా తెస్తా" అన్నారు.

మే నెల కత్తిరి ఎండల్లో స్కూటరు మీద, కాళ్ళ మధ్య ఐసు పెట్టె పెట్టుకుని మళ్ళీ విల్లియనూరు వెళ్ళి తెచ్చారు. ఈసారి అచ్చుగుద్దినట్టు సరిపోయింది. పాపం పెద్దాయన, పొరపాటు పడ్డారు అని ల్యాబులో అందరూ అనుకున్నారు. నేనూ అదే అనుకున్నాను, ఆ పని అంతా ముగిసి, సమాచారాన్ని లోకానికి అందుబాటులో పెట్టే రోజు వచ్చేదాకా.

ఆ రోజు పాత పట్టిక తెరిచి గొట్టాల పేర్లతో పోల్చి చూస్తుంటే నెత్తిన పిడుగు పడ్డట్టయింది. నేను నంబర్లు ఎక్కించినప్పుడు ఒక వరుస కిందికి జారింది. తండ్రి అనుకుని నేను లెక్కలోకి తీసుకున్నది వేరే మేకపోతుది. నల్లోడి మొదటి రక్తం నుంచి వచ్చిన సమాచారం ముట్టుకోకుండా అలాగే ఉంది. పెట్టి చూశాను. రెండో దానికీ దానికీ వెంట్రుకవాసి తేడా లేదు. డాక్టరుగారి చెయ్యి తప్పలేదు. తప్పింది నాది.

ఎవరికీ చెప్పలేదు. అక్కడితో ఆగినా కొంత నయం. వ్యాసం రాసేటప్పుడు, "సేకరణలో పొరపాటు వల్ల తండ్రి మేక మొదటి నమూనాను పక్కన పెట్టాం" అని రాశాను. తెలిసే రాశాను. అదే వ్యాసంలో కింద, నమూనాలు సేకరించినవారిగా డాక్టరుగారి పేరు అచ్చయి ఉంది.

ఒక్కసారి మాత్రం చెప్పబోయాను. వాళ్ళ వరండాలో కాఫీ తాగుతూ, "డాక్టరుగారూ, ఆ మొదటిసారి రక్తం..." అన్నాను. "దాందేముంది ఇప్పుడు, పని అయిపోయింది గదా. చుమ్మా విడు పాపా, ఊరికే వదిలెయ్" అని ఇంకో గ్లాసు పోశారు. హమ్మయ్య అనుకున్నాను. ఈయనకేం తెలుసు, పెద్దాయన, అనుకున్నాను. రెండేళ్ళు అలాగే గడిచిపోయాయి.

శనివారం సాయంత్రం అంత్యక్రియలు అయ్యాక విల్లియనూరు పెద్దమ్మకు కబురు చెప్పేవాళ్ళు లేరని తెలిసి నేనే బస్సెక్కి వెళ్ళాను. విని దొడ్డి గుమ్మం మీదే కూలబడింది. చాలాసేపు కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ, ఆయన తన మేకలకు చేసిన కాన్పులన్నీ చెప్పుకొచ్చింది. ఉన్నట్టుండి నా ముఖం పరకాయించి చూసింది.

"కంప్యూటరు పాపవి నువ్వేనా? మేక కుమ్మితే పడితివే?"

"నేనేనండి."

"ఆయన రెండో తూరి వచ్చినప్పుడు నేనే అడిగినా. ఏంది సారూ, అప్పుడూ నల్లోడికే గుచ్చితిరి, ఇప్పుడూ వాడికే గుచ్చుతా ఉండారే అని. ఆమా వదినా, అవును, అదే పోతు, తప్పు ఆడ లెక్కల్లో పడింది అన్నాడు. మరి సెప్పేదానికేంది అంటే, అందరి ముందరా పెద్దగా సెప్పేసింది పాప, ఇప్పుడు నేను కాదంటే బిడ్డకు తలకొట్టేసినట్టుంటాది. తెలివైన పాప, దానికే ఒకనాడు తెలుస్తాది, అదే సెప్తాది, నువ్వు చుమ్మా ఉండు అన్నాడు." కళ్ళు తుడుచుకుని నా వైపు చూసింది. "తెలిసిందా పాపా మరి?"

"తెలిసింది పెద్దమ్మా."

"సెప్పినావా?"

 బస్సుకు వేళయిందని చెప్పి లేచి వచ్చేశాను. దారంతా ఏడ్చాను. అది పశ్చాత్తాపమే అనుకునేరు. అందులో సగం ఒళ్ళుమంట. అంత పెద్ద మనసు ఆ మనిషికి ఎందుకుండాలి? తప్పు నాది అని ఒక్క మాట అని నన్ను నలుగురిలో నిలబెడితే నాకు పగ తీరేది, ఇద్దరం సమానమయ్యేవాళ్ళం. అలా కానివ్వలేదు. కోపగించుకోవడానికి కూడా నాకు దారి వదలకుండా వెళ్ళిపోయారు. తను బతికినన్నాళ్ళూ నన్ను కుళ్ళేలా చేసి, పోయాక కూడా వదల్లేదు.

కృతజ్ఞత లేదా అంటే ఉంది. నా పేరు మీద ఈ రోజు ఒక మేక జీనోము ఉందంటే, అది విరగకుండా వచ్చిన పొడుగు ముక్కల వల్ల. ఆ ముక్కలు ఆయన చేతి నెమ్మది వల్ల. తప్పు అతుకు చూపించిన కన్ను కూడా ఆయనదే. ఇవన్నీ ఆయనతో ఎదురుగా అనాల్సిన మాటలు.

ఆ వ్యాసంలోని వాక్యం సరిదిద్దమని పత్రికకు ఆదివారమే రాసి పంపాను. బుధవారం ల్యాబులో సంతాప సభ. ఆయనతో ఎక్కువ పనిచేసింది నువ్వే కదా, మాట్లాడమ్మా అన్నారు మా గైడు. నిలబడి, పట్టికలో జారిన వరుస దగ్గర మొదలుపెట్టి, మీటింగులో నేనన్న మాట, నాకు నిజం ఎప్పుడు తెలిసింది, తెలిసీ ఏమి రాశాను, పెద్దమ్మ ఏం చెప్పింది, అంతా చెప్పేశాను. 

 తిడతారనుకున్నాను. తిట్టినా బాగుండేది. ఒక్కరంటే ఒక్కరు నా వైపు చూడలేదు. మా గైడు, పిల్లలు, వెనక వరుసలో కూర్చున్న డాక్టరుగారి భార్య, అందరి తలలూ బల్ల మీద పెట్టిన ఆయన ఫోటో వైపు తిరిగి ఉన్నాయి. తప్పు చేసింది నేను, ఒప్పుకున్నది నేను, అందరి ముందూ నిలబడింది నేను. చూపులన్నీ ఆయనకే పోయాయి. పాత కుళ్ళు మళ్ళీ లేచింది.

మైకు పక్కన పెట్టి నేనూ అటే చూశాను. ఫోటోలో ఆయన మమ్మల్ని ఎవర్నీ చూడటం లేదు. ఫ్రేములో సగమే పడ్డ ఒక మేకను చూసి నవ్వుతున్నారు.