మోతి నీళ్లు తాగడం తగ్గిన వారం

2011. సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులు. సిరిసిల్లలో నాది పశువుల మందుల దుకాణం. నా చదువు ఏడో తరగతితో ఆగింది. మందు డబ్బాల్లో మడిచిపెట్టే కాగితాలను డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివి ఈ పని నేర్చుకున్నాను. కార్మికుడి చేతిలో పెట్టే మందు మీద ఆ కార్మికుడి భాషలో ఒక్క ముక్క ఉండదు. ఆ కోపం నాకు అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. అందుకే ఆ కాగితం చదివి చెప్పే బాధ్యత నాదనుకున్నాను. నాలాగా చెప్పేవాడు జిల్లాలో లేడని గర్వం కూడా ఉండేది.

సత్తయ్య సాంచల మీద పనిచేసేవాడు. సాంచ అంటే మా ఊళ్లో మరమగ్గం. ముప్పై ఏళ్లు ఆ చప్పుడులో నిలబడి చెవులు పోగొట్టుకున్నాడు. భార్య చనిపోయింది, ఒక్కడే ఉండేవాడు. వాకిట్లోకి ఎవరొచ్చినా ఆయన కుక్క మోతి లోపలికి ఉరికి లుంగీ పట్టి లాగేది. "నా చెవులు సాంచ తిన్నది అన్నా. ఇగ ఇదే నా చెవి" అనేవాడు, తనకు వినబడనంత మాత్రాన మనకూ వినబడదన్నట్టు అరుస్తూ.

వినాయక చవితి వెళ్లిన వారం మోతి చిగుళ్లు పాలిపోయాయి. జగిత్యాలలో ఒక పశువుల డాక్టరు రక్తం పరీక్ష చేసి చెప్పాడు: దాని ఒంట్లో రోగాలను ఆపే కాపలా, రోగాలను వదిలి దాని రక్తాన్నే తింటోంది. ఆ కాపలాను అణచి ఉంచే మందులను ఇమ్యునోసప్రెసెంట్లు అంటారు. ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ ఒకటి, అజాథయోప్రిన్ ఒకటి రాశాడు. చీటీ నా దగ్గరికి వచ్చింది.

నేను సత్తయ్యను బల్ల మీద కూర్చోబెట్టి, చెవి దగ్గర నోరు పెట్టి, బజారంతా వినేలా చెప్పాను. ఒక్క పూట కూడా తప్పకూడదు. డాక్టరు చెప్పకుండా ఆపకూడదు. ఆపాల్సి వచ్చినా మెల్లమెల్లగా తగ్గించాలి. ఈ మందుల మీద నొప్పుల గోలీ ఏదీ వేయకూడదు. గోలీని నూరకూడదు, విరవకూడదు, ముట్టుకున్నాక చేతులు కడుక్కోవాలి. నీళ్లు విపరీతంగా తాగుతుంది, ఇల్లంతా తడుపుతుంది, భయపడొద్దు, అది స్టెరాయిడ్ గుణం.

"చేదుంటదేమో, మింగుతదా?" అన్నాడు.

"మేక కార్జం ముక్కల పెట్టియ్యి. ఎందుకు మింగది?"

కవరు మీద కూడా రాసిచ్చాను, కార్జంలో పెట్టి ఇవ్వాలని.

మోతి లేచి తిరిగింది. సత్తయ్య వారానికోసారి వచ్చి కంప్లయింటు చేసేవాడు. "బకెట్ నీళ్లు ఒడగొడుతది అన్నా! నా మంచం కింద చెరువైతది!" నేను నవ్వేవాణ్ని. చెరువైతేనే మందు లోపలికి పోతున్నట్టు అని చెప్పేవాణ్ని. ఈ మాట నా నోటితో నేనే అన్నాను. గుర్తుంచుకోండి.

బస్సులు ఆగిపోయాయి. పశువుల దవాఖానకు తాళం పడింది. సమ్మె చేసినవాళ్లను నేను తిట్టను, నా దుకాణం మీదా జెండా ఎగిరింది. అంతలో నవరాత్రులు వచ్చాయి. బతుకమ్మ సంబురం జోరులో ఉన్న ఒక పొద్దున సత్తయ్య ముఖం వెలిగిపోతూ వచ్చాడు.

"అన్నా, నీళ్లు తాగుడు బందైంది! ఇల్లు తడుపుడు లేదు. అంత అమ్మవారి దయ."

"గోలీలు ఏస్తున్నవా?" అని చెవి దగ్గర అరిచాను.

"తప్పుతనా? రెండు పూటల."

"శభాష్" అన్నాను.

మహర్నవమి పొద్దున మోతిని భుజాన వేసుకుని వచ్చాడు. పెదవి ఎత్తి చూశాను. చిగుళ్లు సాంచ మీది తెల్లబట్టలా ఉన్నాయి. సత్తయ్య పిడికిలి విప్పాడు. అందులో గోలీలు. పెరుగు ఎండి అంటుకుని, దుమ్ము పట్టి ఉన్నాయి.

"పండుగకు ఇల్లు కడుగుదామని మంచం జరిపిన. గోడ పొంటి ఇవి ఉన్నయ్ అన్నా."

"కార్జంల పెట్టలేదా?"

"దుర్గమ్మకు దీపం పెట్టిన గదా. తొమ్మిది రోజులు ఇంట్ల నీసు ఎట్ల అండుత? పెరుగన్నంల పెట్టిన. గిన్నె నాకింది, తిన్నదనుకున్న. నూరద్దంటివి గదా, నూరలే."

నేను చెప్పింది చెప్పినట్టే చేశాడు. మోతి అన్నం తిని, చేదు గోలీని తీసుకుపోయి మంచం కింద ఉమ్మింది. మందు ఆగింది కాబట్టే దాహం ఆగింది. ఆ గుర్తును ఆయన నా దుకాణం దాకా మోసుకొచ్చి నా ముందు పెట్టాడు. నేను శభాష్ అన్నాను.

జగిత్యాల డాక్టరుకు ఫోను చేశాను. "రక్తం ఎక్కియ్యాలె. ఇచ్చే కుక్కను నేను చూసి పెడ్త. జల్ది తీస్కరా" అన్నాడు. తెలిసిన ఆటో మాట్లాడి ముగ్గురం బయలుదేరాం, సత్తయ్య, నేను, ఆయన ఒళ్లో మోతి. వేములవాడ దాటాక రోడ్డుకు అడ్డంగా రాళ్లు, టైర్లు. రాస్తారోకో. సీరియస్ కేసని డ్రైవరు చెప్పాడు.

"ఎవలకు సీరియస్?" అని ఒకతను లోపలికి తల పెట్టి అరిచాడు.

"మోతికి!" అని అరిచాడు సత్తయ్య.

"మోతి ఎవలే? ఓర్నీ, కుక్కనా! కాకా, ఇయ్యాల కుక్కలకు సుత సమ్మెనే."

నలుగురు నవ్వారు. పక్కన కూర్చున్న ఒక ముసలమ్మ లేచింది. "నోరు లేని జీవిరా, ఇడువుండ్రి" అని టైరు తనే పక్కకు లాగింది. అక్కడ పోయింది పావుగంట. ఆ పావుగంటను నేను నిందించను. అసలు పోయినవి తొమ్మిది రోజులు.

కొండగట్టు గుట్ట కనబడుతుండగా మోతి శ్వాస ఆగింది. చెయ్యి పెట్టి చూశాను. సత్తయ్య దాని తల నిమురుతూనే ఉన్నాడు. "పండుకున్నదా అన్నా?" అన్నాడు.

"పోయింది" అన్నాను. వినబడలేదు. మళ్లీ అన్నాను. ఆటో చప్పుడు. చివరికి చెవి దగ్గర నోరు పెట్టి అరిచాను. మందులు ఎలా వాడాలో చెప్పినప్పుడు ఎంత గట్టిగా అరిచానో అంత గట్టిగా.

ఆయన మోతి మీద తువ్వాలు కప్పి, ఆటోను వెనక్కి తిప్పమని చేత్తో చూపించాడు. నన్ను తిట్టినా బాగుండేది.

ఆ తర్వాత దుకాణం మూసేదాకా, ఈ మందులు కొన్న ఎవరినీ 'ఇస్తున్నారా' అని అడగలేదు. మింగడం కళ్లతో చూశారా, దేంట్లో పెడుతున్నారు, ఈ నెలలో మీ ఇంట్లో నీసు వండని రోజులున్నాయా, నీళ్లగిన్నె ఎన్నిసార్లు నింపారు, ఇవి అడిగాను. కాగితం ఏం చెబుతుందో నాకు తెలుసు. ఆ ఇంట్లో పొయ్యి మీద ఏముందో తెలియదు. చంపింది ఆ తెలియనిదే. ఇన్నేళ్లు అడిగినా మోతి లెక్క తీరలేదు.

దీపావళి ముందు సత్తయ్యను చూడ్డానికి పోయాను. తలుపు కొట్టాను. పేరు పెట్టి పిలిచాను. కిటికీలోంచి ఆయన కనబడుతూనే ఉన్నాడు, నాకు వీపు పెట్టి కూర్చుని అన్నం తింటున్నాడు. చాలాసేపు కొట్టాను. తర్వాత తిరిగి వచ్చేశాను.