మంచుకు కిటికీ తెరిచిన రత్తమ్మ పిన్ని

ఈ ఉదయం ఇడ్లీ పాత్ర మూత తీశాను. గుప్పున లేచిన ఆవిరి కళ్ళజోడును కమ్మేసింది. కళ్ళజోడు నాకు కొత్త, పెట్టుకుని రెండు నెలలు కూడా కాలేదు. మామూలు మనుషులైతే తీసి చెంగుతో తుడుచుకుంటారు. నేను మాత్రం మూత చేత్తో పట్టుకుని, ఎదురుగా ఏమీ కనబడకుండా నిలబడి, ఒకటి, రెండు, మూడు అంటూ లెక్కపెట్టడం మొదలుపెట్టాను. పద్నాలుగు దగ్గర అద్దాల అంచులు తేటపడ్డాయి. “ఏంటమ్మా, ఇడ్లీలు ఎన్నున్నాయో చూస్తున్నావా?” అంది మా అమ్మాయి. నాకు నవ్వు ఆగలేదు. రత్తమ్మ పిన్నిని ఎరగని ఆ పిల్లకు ఏమని చెప్పను? అందుకే కూర్చుని రాస్తున్నాను.

రత్తమ్మ పిన్ని నాకు చుట్టం కాదు. మా అత్తగారింటి పక్కింటి మనిషి. పర్చూరు నుంచి ఆటోలో అరగంట పోతే వచ్చే మా ఊళ్ళో, పొగాకు బ్యారన్‌ను సొంతంగా కాల్చే ఆడమనిషి అప్పట్లో ఆవిడ ఒక్కతే. కాల్చడం అంటే తగలబెట్టడం అనుకునేరు! బ్యారన్ అంటే రెండంతస్తుల ఎత్తున్న ఒంటిగది. పచ్చాకును కర్రలకు కట్టి, వరసలు వరసలుగా పైకప్పు దాకా వేలాడదీస్తారు. బయట పొయ్యిలో సరుగుడు కట్టెలు మండుతుంటే, ఆ వేడి రేకు గొట్టాల్లోంచి లోపలంతా తిరుగుతుంది. ఐదారు రోజుల్లో ఆకు పసుపు రంగుకు వచ్చి, ఆ రంగు చెదరకుండా ఎండాలి. మా వైపు చలికాలమంతా ఇదే గొడవ. మగవాళ్ళు పొయ్యి ముందు మంచాలు వేసుకుని గంభీరంగా పడుకునేవారు. పిన్ని మాత్రం ప్లాస్టిక్ కుర్చీలో కాలు మీద కాలేసుకుని, దారినపోయే ప్రతి మనిషినీ పిలిచి ఆటపట్టిస్తూ బ్యారన్ కాల్చేది. భర్త పోయాక మొదటి రెండేళ్ళు ఆ బ్యారన్ కౌలుకు ఇచ్చిందట. మూడో ఏడు, “నా ఆకు నేను చూసుకోలేనా?” అని కుర్చీ వేసుకుని కూర్చుందట. ఇక లేవలేదు.

నాకు ఆవిడతో పని పడింది నా పెళ్ళయిన రెండో చలికాలంలో. మా మామగారు పోయి అప్పటికి నాలుగేళ్ళు. బ్యారన్ అంతా మా ఆయనే చూసుకునేవారు. సరిగ్గా మొదటి ఆకు కోతకు వచ్చిన వారంలో ఆయన బైకు మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నారు. తొడ దాకా కట్టు వేశారు. మా అత్తగారు తక్కువ మాటల మనిషి. “ఈ ఏడు బ్యారన్ కౌలుకిచ్చేద్దాం” అన్నారు. నేను చీరాలలో బియ్యస్సీ ఫిజిక్స్ చదివినదాన్ని. పెళ్ళయి ఏడాదిన్నరగా నా చదువుకు ఆ ఇంట్లో దొరికిన పని కరెంటు ఫ్యూజు వేయడం ఒక్కటే. “నేను కాలుస్తానండీ” అన్నాను. ఆవిడ నన్ను కింద నుంచి పైదాకా చూసి, “ఒక్క బ్యారన్ ఆకు కాల్చి చూడు. పసుపుగా దిగితే ఏడాదంతా నీదే. లేకపోతే కౌలే” అన్నారు. ఆ పని నాకు ఎంత కావాలో ఆ క్షణంలో తెలిసింది. సరేనని, తిన్నగా పక్కింటికి వెళ్ళి నేర్పమని పిన్నిని అడిగాను.

పిన్ని మొదటి రోజే నా థర్మామీటరును చూసి మూతి తిప్పింది. “ఇది వేడెంతో చెప్పుద్ది. చెమ్మ ఎంతో చెప్పుద్దా?” అంది. “మరి చెమ్మ ఎలా తెలుస్తుంది పిన్నీ?” అంటే, తన కళ్ళజోడు తీసి చూపించింది. కాసేపు చలిగాలిలో నిలబడి, అద్దాలు చల్లబడ్డాక బ్యారన్ తలుపు కొంచెం తీసి లోపలికి మొహం పెట్టేది. అద్దాల మీద ఆవిరి కమ్మేది. అది ఎంతసేపటికి తేటపడుతుందో గట్టిగా లెక్కపెట్టేది. ఇరవై లోపు తేటపడితే గాలి సరిపోతోందని, ముప్పై దాటితే వెంటిలేటర్లు, అంటే గోడల అడుగునా పైకప్పు దగ్గరా ఉండే గాలి కిటికీలు, ఇంకా తీయాలని ఆవిడ లెక్క. మొదటి రెండు రోజులు మాత్రం అన్నీ మూసి ఉంచాలట, ఆకు ఉక్కలోనే మగ్గి రంగు తిరగాలట. రంగు తిరిగాక ఒక్క గంట కూడా ఉక్క ఆగకూడదట. ఊరంతా ఆవిడ కళ్ళజోడును చూసి నవ్వేది. అందరికంటే ఎక్కువ నవ్వేది ఆవిడే.

రెండో రోజు సాయంత్రానికి నా ఆకు నిమ్మపండు రంగుకు వచ్చింది. వెంటిలేటర్లు కిందవి సగం, పైవి సగం తీయించి, “రేపొద్దునకల్లా వస్తా, వీటి జోలికి పోమాక” అని చెప్పి పిన్ని చీరాలలో పెళ్ళికి వెళ్ళింది. తెల్లవారేసరికి మంచు పట్టింది. మామూలు మంచు కాదు, వాకిట్లో ఉన్న ట్రాక్టరు కూడా కనబడటం లేదు. కిటికీల్లోంచి ఆ మంచు తెరలు తెరలుగా నా బ్యారన్‌లోకి పోతోంది. ఆరబెట్టిన బట్టల మీదికి వాన జల్లు కొడుతుంటే చూస్తూ ఊరుకుంటామా? కింద కిటికీలన్నీ మూశాను. తాడు వదిలి పైవి కూడా మూశాను. పైపెచ్చు తడి ఆరాలని రెండు దుంగలు ఎక్కువ తోశాను. థర్మామీటరు చకచకా పైకి పాకింది. నా తెలివికి నేనే మురిసిపోయి కాఫీ కలుపుకున్నాను.

ఎనిమిదింటికి పిన్ని ఆటో దిగింది. పట్టుచీర, తలలో రెండు మూరల కనకాంబరాలు, చేతిలో పెళ్ళివారిచ్చిన లడ్డూల సంచి. బ్యారన్ వైపు ఒక్క చూపు చూసి సంచి నా చేతిలో పడేసి పరుగెత్తింది. తలుపు తీసి మొహం పెట్టి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. నలభై అయింది, యాభై అయింది. అద్దాలు తేటపడలేదు, నీళ్ళు బొట్లు బొట్లుగా బుగ్గల మీదికి కారాయి. “ఒసే ఉమా! ఆకును ఉడకేశావే!” అని అరిచి, పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, పై కిటికీల తాడు పట్టుకుని వేలాడింది. నేను కింద కిటికీలు తీస్తూ ఏడుపు గొంతుతో, “మంచు లోపలికి పోతే ఆకు తడిసిపోదా పిన్నీ?” అన్నాను.

“ఏమే బియ్యస్సీ! ఆ మంచు గొట్టాల మీదుగా పోయాక ఇంకా మంచులాగే ఉంటదటే? చలిగాలికి వేడి తగిలితే దాహం పుట్టుద్ది. ఆకులో నీళ్ళు తాగి పైనుంచి పోద్ది. నువ్వు మూసిపెట్టింది కడుపు నిండిన గాలి. అది ఇంకేం తాగుద్ది?”

నేను అక్కడే చతికిలబడ్డాను. వేడెక్కే కొద్దీ గాలి ఎక్కువ ఆవిరిని పట్టుకోగలదని నేను పరీక్షలో రెండు పేజీలు రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను. అది నా వాకిట్లోకే వచ్చి నిలబడితే పోల్చుకోలేకపోయాను. పిన్ని నా పక్కనే కూర్చుని సంచిలోంచి లడ్డూ తీసి సగం విరిచి పెట్టింది. ఏడుస్తూనే తిన్నాను. చాలా బాగుంది.

తర్వాత మూడు రోజులూ నాకు ఒకటే ఆలోచన. పై రెండు వరసల్లో ఆకు మచ్చలు తిరగడం తలుపులోంచి కనబడుతూనే ఉంది. మా ఇంట్లో ఏటా కొంత ఆకు అలా పోయేది. దానికి మంచుదెబ్బ అని పేరు పెట్టుకుని ఊరుకునేవారు. నేనూ ఆ మాటే అంటే అడిగేవాళ్ళు లేరు, బ్యారన్ నాకు దక్కుతుంది. పిన్ని చెవిలో వేశాను. “మంచుదెబ్బ అందామా పిన్నీ?”

ఆవిడ కోప్పడలేదు. కట్టెతో నిప్పులు ఎగదోస్తూ, “అను, నాకేం? నేనేం చెప్పనులే. కానీ మంచు మీదికి నెడితే, వచ్చే ఏడూ మంచు వస్తది. మళ్ళీ మూస్తావు” అంది.

ఆకు దించే రోజు మా అత్తగారు స్టూలు వేసుకుని కూర్చున్నారు. మా ఆయన కర్రల సాయంతో గుమ్మం దాకా వచ్చారు. కింది వరసలు దిగుతుంటే వాకిలంతా పసుపు పరిచినట్లయింది. పై రెండు వరసలు గోధుమరంగు మచ్చలతో దిగాయి. అత్తగారు ఒక ఆకు వేళ్ళ మధ్య నలిపి చూసి, “ఇదేంటి?” అన్నారు.

“మంచు పడుతోందని నేనే కిటికీలు మూసేశానండీ. పిన్ని వచ్చి తీయకపోతే మొత్తం పోయేది” అన్నాను. చెప్పేశాక బ్యారన్ చెయ్యి జారిపోయిందనే అనుకున్నాను. అత్తగారు ఆ ఆకును అటూ ఇటూ తిప్పారు. ఆ తర్వాత ఆ ఇంట్లో నేనెప్పుడూ వినని చప్పుడు వినిపించింది. ఆవిడ నవ్వుతున్నారు.

“మంచు పడితే మూసేవాడు మీ మామయ్య. ముప్పై ఏళ్ళు మూశాడు. ముప్పై ఏళ్ళూ మంచునే తిట్టాడు” అన్నారు. చెంగుతో కళ్ళు ఒత్తుకుని, కొడుకు వైపు తిరిగి, “రెండో కోతకి కూలీలను ఎప్పుడు రమ్మనాలో దాన్నడుగు” అన్నారు.

పన్నెండు చలికాలాలుగా ఆ బ్యారన్ నేనే కాలుస్తున్నాను. మా అమ్మాయి ఒళ్ళో పిల్లగా ఉండగానే పిన్ని పోయింది. చివరి ఏడాది చీరాలలో కూతురి దగ్గర మంచంలో ఉంది. రోజూ ఫోన్‌లో ఆకు సంగతి చెప్పాల్సిందే. ఒక రోజు, “నిన్న పొయ్యి కాస్త ఎగదోశాను పిన్నీ, నాలుగు కర్రల ఆకు పాడైంది. తప్పు నాదే” అన్నాను. ఆ అలవాటు ఆవిడ చేసిందే కదా, మెచ్చుకుంటుందని అనుకున్నాను. అటునుంచి కాసేపు దగ్గు, తర్వాత పాత నవ్వు.

“నాలుగు కర్రలూ నీ తప్పేనే. మరి మిగతా బ్యారనంతా ఎవరు కాల్చారే? అది చెప్పవేం?”

“నేనే పిన్నీ” అన్నాను. గట్టిగా చెప్పమంది. వాకిట్లో కూలీలందరూ తిరిగి చూసేలా గట్టిగా చెప్పాను.