బాపు కారు చప్పుడు

మొన్న ఆదివారం పొద్దున పూజ ముగించుకుని, తమ్ముడితో తుర్కయాంజాల్ మెకానిక్ దగ్గరికి వెళ్లాను. మెకానిక్ మా బాపు అంబాసిడర్‌ను ముందువైపు జాకీ మీద లేపి, చక్రం పట్టి ఊపాడు. టక్కుటక్కుమంది.

"బుష్‌లు, బాల్ జాయింట్లు మొత్తం అరిగినయన్నా. గిట్లనే తిప్పితే చక్రం ఊడుతది," అన్నాడు.

గ్రీజు వాసనకి చిన్నతనం గుర్తొచ్చింది. ఇబ్రహీంపట్నంలో మా సందు మలుపులో ఒక గుంత. బాపు కారు అందులో దిగి టక్కుమనగానే అమ్మ ఆయన స్నానానికి నీళ్లు తోడేది. మేం గచ్చకాయలు దాచి పుస్తకాలు తెరిచేవాళ్లం. మీ ఇంట్లోనూ నాన్న బండి చప్పుడు ముందు అమ్మకే వినిపించేది కదా?

చుట్టూ కంపెనీలు, కాలనీలు వచ్చాయి. ఆ గుంత మాత్రం పూడలేదు. బాపు పోయి ఏళ్లయినా ఆ చప్పుడుకి అమ్మ లేచి గేటు తీస్తూనే ఉంది. అందుకే తమ్ముడు రిపేరు వాయిదా వేస్తూ వచ్చాడు. కానీ అదే కారులో పిల్లల్ని బడికి తీసుకెళ్తాడు.

"మార్పియ్యి తమ్మీ," అన్నాను.

కొత్త సామాను వేయించి ఇంటికొచ్చాం. కారు గుంతలో దిగి లేచినా చప్పుడు లేదు. గేటు లోపల అమ్మ చిక్కుడుకాయలు గిల్లుతూ కూర్చుంది, లేవలేదు. తమ్ముడే దిగి గేటు తీశాడు.

"ఎప్పుడొచ్చిన్రురా, దొంగల లెక్క?" అని నవ్వింది. తర్వాత దగ్గరికొచ్చి బానెట్ మీద చెయ్యి పెట్టింది.

"ఇగ సప్పుడే రాదా?"

"రాదమ్మా. మంచిగైంది."

సాయంత్రం దీపం పెట్టాక అందరం కూర్చుని, కారు అమ్మేద్దామని నిర్ణయించాం. ఆ మాట ముందుగా అన్నది అమ్మే: "ఆ సప్పుడు పోయినంక అది మీ బాపు కారెట్లైతదిరా?"