చేత్తో తిప్పిన నట్టు

మాచర్ల రోడ్డు మీద ఒక టీ హోటల్లో మధ్యాహ్నం బస్సు కోసం కూర్చున్నాను. ఇనప స్తంభాలకు కాంక్రీటు పలకలు బోల్టులతో బిగించి కట్టిన పెద్ద షెడ్డు అది. చల్లగా ఉందని గోడకు ఆనుకున్నాను.

“ఆడ కూర్చోమాక అన్నా, ఇటు రా,” అన్నాడు షెడ్డు నడుమ కుర్చీ వేసుకున్న ఒకతను. సిమెంటుకు పగిలిన చేతులు.

లేచి అతని పక్కకు వెళ్ళాను. అతను గోడ వంక చూస్తూ, “లోడు లారీ వస్తంది,” అన్నాడు. రోడ్డు ఖాళీగా ఉంది. గోడలో మాత్రం పైన ఎక్కడో, ఎవరో గోటితో కొట్టినట్టు టిక్కు టిక్కుమంటోంది. కాసేపటికి నిజంగానే నాపరాళ్ళ లారీ వెళ్ళింది.

“ఈ పలకలు నిలబెట్టింది మేమే. వరస సరిచూసిందాకా నట్లు చేత్తో తిప్పి వదులుతాం, ఆనక పానాతో బిగిస్తాం. ఆ పైన మోగే నట్టుని అట్టా వదిలి అన్నానికి దిగా. వచ్చేతలికి సందులో సిమెంటు పూసేశారు.”

“మరి చెప్పలేదా?”

“మేస్త్రీ తిడతాడని ఆరోజు చెప్పలా. ఆనక చెప్తే, నిలబడే ఉందిగా అన్నారు. ఈ దారిన పోయినప్పుడల్లా దిగి వింటా. నిరుడు లారీ పక్కకొచ్చాకే మోగేది. ఇప్పుడు ముందే మోగతంది.”

నా బస్సొచ్చింది. అతను అక్కడే కూర్చుండిపోయాడు.

నేను పనిచేసే పత్తి గోడౌను గోడలూ అలాంటి పలకలే. రోజూ తాళం వేసేముందు చెవి ఆనించి వింటున్నాను. మొన్న ఆదివారం రోడ్డు మీద ఒక్క బండి కూడా లేదు.

టిక్కుమంది.